అంజమ్మ కొన్న రాతిచేను

గురజాలలో అంజమ్మ ఉలి తగలని తిరగలి లేదు. పప్పు పగలకుండా జారిపోతున్నా, పిండి బరకగా దిగుతున్నా ఆ ఊరి ఆడవాళ్ళు తిరగలిని ఏమీ అనేవాళ్ళు కాదు, "ఈ అంజమ్మ ఎక్కడ చచ్చిందో" అని అంజమ్మనే తిట్టుకునేవాళ్ళు. అరిగి నున్నబడ్డ రాతిని ఉలితో పొడిచి మళ్ళీ గరుకు తేవడాన్ని కక్కు కొట్టడం అంటారు. చూడ్డానికి ఇందులో ఏముందిలే అనిపించే పని. చేస్తే తెలుస్తుంది. దెబ్బ గట్టిగా పడితే రాయి పెచ్చు లేస్తుంది, మెత్తగా పడితే నాలుగు రోజుల్లో మళ్ళీ మొదటికొస్తుంది. అంజమ్మ కొట్టిన తిరగలి ఏడాది పాటు నోరెత్తేది కాదు. అంజమ్మ నోరు మాత్రం నిమిషం ఊరుకునేది కాదు. కూలి దగ్గర ఎవరైనా గీచి గీచి బేరమాడితే, "నీ తిరగలి కంటే నీ నాలికే గరుగ్గా ఉందమ్మా, దాంతోనే ఇసురుకో" అని ఉలీ సుత్తీ సంచిలో వేసుకుని లేచేది. వీధి మలుపు తిరిగేలోపు వెనక్కి పిలిచేవాళ్ళు.

ఆమె మొగుడు చిన్నప్ప రాయి పగలగొట్టి రోళ్ళు, తిరగళ్ళు తొలిచేవాడు. మాట తక్కువ మనిషి. ఇంట్లో మాట్లాడాల్సిందంతా పెళ్ళామే మాట్లాడుతుంటే మధ్యలో తనెందుకని అనుకునేవాడేమో. వాళ్ళు వడ్డెరవాళ్ళు. పని ఉన్నచోట గుడిసె, పని అయిపోతే ఆ గుడిసె గాడిదల మీదికి. మాచర్ల రైలు పట్టాలు వేసే రోజుల్లో కంకర కొట్టడానికి గురజాల వచ్చి, దాచేపల్లి దారి పక్కన ఒక రాతిచేనులో దిగారు. ఎకరన్నర ఉంటుంది. మేకకు కూడా గడ్డిపరక దొరకని నేల కాబట్టి ఎవరూ అడ్డు చెప్పలేదు. కంకర పని అయిపోయింది, రైలూ నడిచింది, వీళ్ళు మాత్రం అక్కడే ఉండిపోయారు. ఆ చేనులో రెండు గజాల లోతున తిరగలికి సరిపోయే నల్లరాయి ఉంది మరి.

రాయి ఒక్కటే అయితే ఎప్పుడో ఒకప్పుడు కదిలేవాళ్ళేమో. బావి వాళ్ళను కదలనివ్వలేదు. మొగుడూ పెళ్ళాం మూడు వేసవులు ఆ బండను తొలిచారు. మూడో ఏడు రోహిణి కార్తెలో చిన్నప్ప గడ్డపార కింద తడి తగిలింది. దోసిలి పట్టి తాగి చూసి, ఎన్నడూ గొంతెత్తని మనిషి బావి అడుగునుంచి "అంజీ, తీపే" అని కేకేశాడు. పల్నాట్లో నీళ్ళు పడటమే గొప్ప, పడ్డ నీళ్ళు తియ్యగా ఉంటే ఇక చెప్పేదేముంది. ఆ రోజు నుంచి అంజమ్మ మనసులో ఆ చేను తనదే. కాగితం మీద మాత్రం కాదు.

కాగితం మీద అది రజియా బేగం అనే ఆమెది. ఆమె తండ్రి ఒకప్పుడు గురజాల కచేరీలో గుమాస్తా. కూతురిని పద్నాలుగో ఏట కృష్ణ అవతల, నైజాం రాజ్యంలో ఉన్న మిర్యాలగూడకు ఇచ్చి చేశాడు. ఆయన పోయాక చేను ఆమె పేర పడింది. వెళ్ళిన మనిషి వెళ్ళినట్టే. నలభై అయిదేళ్ళు గడిచాయి, ఆమె పరదా దాటి బయటికి రాలేదు, గురజాల మొహం చూడలేదు. మేనల్లుడు మన్సూర్ ఏడాదికోసారి వచ్చి శిస్తు కట్టి పోయేవాడు. ఆ చేను కొనుక్కుంటామని అంజమ్మ మూడేళ్ళలో నాలుగు ఉత్తరాలు రాయించింది. రిజిస్ట్రారు ఆఫీసు అరుగు మీద దస్తావేజులు రాసే నూర్ మొహమ్మద్ వాటిని ఉర్దూలో చక్కగా రాసిపెట్టాడు. నాలుగింటికీ మన్సూర్ దగ్గర్నుంచి ఒకటే జవాబు, అత్తయ్య గారికి అమ్మే ఉద్దేశం లేదని. ఒకసారి చిన్నప్ప స్వయంగా మిర్యాలగూడ వెళ్ళాడు. పరదా ఇల్లు కాబట్టి మగవాణ్ణి అరుగు దాటనివ్వలేదు. అరుగు మీద ఒక పూట కూర్చుని, మన్సూర్ పొమ్మంటే లేచి వచ్చేశాడు.

యుద్ధం అయిపోయి, జపానువాడు చేతులెత్తేసి నెల కూడా కాలేదు. రంజాను పండగ వెళ్ళిన మూడో రోజున సున్నపు బట్టీల పుల్లారావు ఇద్దరు మనుషులతో వచ్చి చేను నాలుగు మూలలా ఇనప మేకులు దిగ్గొట్టించాడు.

"ఏందయ్యా ఈ మేకులు?" అంది అంజమ్మ.

"బట్టీ పెడతన్నా అంజమ్మా. నీళ్ళున్నయ్, రోడ్డుంది, ఇంకేం కావాల. దసరా లోపు మీ గుడిసె ఎత్తేసుకోండి."

"చేను బేగం గారిది గదా. అమ్మనన్నారుగా?"

"ఆమె హజ్‌కి పోతంది. ఓడలు మళ్ళా తిరుగుతన్నయ్ గదా. పోయేముందు ఆస్తులన్నిటి మీదా మన్సూర్ సాయెబుకి అధికారం రాసిచ్చి పోయిద్ది. ఆ అధికారంతో ఆయన నాకు రాసిస్తడు. ఆమె తిరిగొచ్చేతలికి ఇక్కడ సున్నం ఉడుకుతా ఉంటది."

పుల్లారావు ఈ మాటలు చాలా మర్యాదగా చెప్పాడు. ఆయన దుర్మార్గుడేమీ కాదు. ఒకరు తవ్విన బావి ఉండగా ఇంకొకరు మళ్ళీ తవ్వడం దండగని నమ్మిన మనిషి, అంతే.

అంజమ్మకు భయం వేసింది. పాముల్ని, పోలీసుల్ని, మందుపాతర పేలే బండల్ని చూసి భయపడని మనిషి ఆ నాలుగు మేకుల చుట్టూ రెండుసార్లు తిరిగి వచ్చింది. వయసు నలభై దాటింది. మళ్ళీ గుడిసె విప్పి గాడిద మీద వేసి, కొత్త ఊళ్ళో ఎవరి బీట్లోనో దిగి, వాళ్ళు ఎప్పుడు లెమ్మంటారా అని చూస్తూ బతకడం తన వల్ల కాదనుకుంది. తిన్నగా నూర్ మొహమ్మద్ దగ్గరికి నడిచింది.

"నాకెప్పట్నించో అనుమానంగా ఉందక్కా," అన్నాడతను. "మన ఉత్తరాలు ఆ బేగం చెవిన పడ్డట్టు లేదు. అన్నీ మన్సూరే చదువుకుని మన్సూరే జవాబు రాస్తన్నాడు."

"అయితే నేను పోయి చెప్తా."

"పరదా ఇల్లక్కా. మొగాళ్ళని లోపలికి రానియ్యరు."

"నేను మొగోణ్ణా?" అంది అంజమ్మ.

మర్నాడే కూడబెట్టిన సొమ్మంతా నడుముకు మూటకట్టుకుని, ఉలి సంచి భుజాన వేసుకుని బయల్దేరింది. పొందుగల దగ్గర బల్లకట్టు మీద కృష్ణ దాటింది. అవతలి గట్టున వాడపల్లిలో సుంకం నాకా వాళ్ళు సంచి వెతికితే ఉలి చూపించింది. అక్కడ మన రూపాయి చెల్లదు కాబట్టి దారి ఖర్చుకు నైజాం రూపాయిలు మార్చుకుంది. రెండో రోజు మధ్యాహ్నానికి మిర్యాలగూడ వీధుల్లో ఆమె గొంతు మోగింది. "రోళ్ళకు కక్కు, తిరగళ్ళకు కక్కూ." ఎవరినీ దారి అడగలేదు. చిన్నప్ప చెప్పిన పచ్చ తలుపుల ఇంటి ముందు మాత్రం మిగతా ఇళ్ళ కంటే రెండు కేకలు ఎక్కువ వేసింది. మూడో కేకకు తలుపు తెరుచుకుంది.

ఆ ఇంట్లో తిరగలి అవసరం మామూలుగా లేదు. ఓడలో నెలల తరబడి తినడానికి వేయించిన గోధుమలు, శనగలు బస్తాల కొద్దీ విసరాలి. తిరగలేమో మొండికేసి కూర్చుంది. వంటింటి పంచలో కూర్చుని అంజమ్మ పై రాయి ఎత్తి చూసి, "ఎవరమ్మా దీన్ని ఇట్టా చంపింది?" అంది. చేటలో శనగలు ఏరుకుంటున్న పెద్దావిడ నవ్వింది. వెండి జుట్టు, తెల్లటి దుపట్టా, మోకాళ్ళ మీద చెయ్యి వేసి కూర్చునే తీరు.

"ఏ ఊరు నీది?" అని అడిగింది.

"గురజాలమ్మా."

పెద్దావిడ చేతిలో చేట ఆగింది. "గురజాలనా? కచేరీ వెనక మసీదు సందు తెలుసా?"

"ఆ సందులో తిరగళ్ళన్నీ నా చేతిలోయేనమ్మా."

"హజ్రా అని ఒక పిల్ల ఉండేది."

"దస్తావేజులు రాసే నూర్ తమ్ముడి అమ్మేగా. కళ్ళకి పొరలొచ్చినయ్. నోరు బానే పనిచేస్తంది."

ఆ పెద్దావిడే రజియా బేగం. ఆ తర్వాత గంటసేపు ఆమె అడుగుతూనే ఉంది, అంజమ్మ రాయి కొడుతూ చెబుతూనే ఉంది. ఏ ఇల్లు కూలింది, ఏ ఇల్లు లేచింది, రైలు ఎటునుంచి వచ్చింది, అన్నీ అయ్యాయి. అప్పుడు అంజమ్మ సుత్తి కింద పెట్టింది.

"ఒక సంగతి అడగొచ్చామ్మా? దాచేపల్లి దారిలో మీకొక చేనుంది."

"ఆ రాళ్ళా? ఇంకా ఉన్నయా అవి?"

అంజమ్మ దాచకుండా అన్నీ చెప్పింది. పదిహేనేళ్ళుగా అందులో ఉంటున్నామని, బావి తవ్వామని, నాలుగు ఉత్తరాలు రాయించామని, ఇప్పుడు నాలుగు మేకులు దిగాయని. బేగం మొహంలో నవ్వు పోయింది.

"నాకొక్క ఉత్తరం చదివినోళ్ళు లేరు," అంది. "చూడు అంజమ్మా, హజ్‌కి పోయేటోళ్ళ మెడ మీద ఎవరి హక్కూ ఉండొద్దు. బాకీ ఉంటే తీర్చుకోవాలె, తగువుంటే తెంపుకోవాలె, ఎవర్నన్న కష్టపెడితే మాఫ్ అడగాలె. అవన్నీ అయినయన్న ధైర్యంతో సామాను కట్టుకున్న. ఇప్పుడు నీ బావి ఒకటి నా మెడ మీద పడ్డది."

ధర రెండు మాటల్లో తేలిపోయింది, అంజమ్మ నడుము మూట విప్పి అక్కడే లెక్కపెట్టి ఇచ్చింది. మన్సూర్ హజ్ ఓడ టిక్కెట్ల పని మీద హైదరాబాదులో ఉన్నాడు. బేగం పక్కింటి పెద్దల్ని ఇద్దరిని, ఊళ్ళో దస్తావేజులు రాసే ముసలాయన్ని పిలిపించి, పరదా వెనక కూర్చుని కాగితం రాయించి వేలిముద్ర వేసింది. సాయంత్రానికి అంతా అయిపోయింది. తన ప్రయాణం ఇంకా పదిహేను రోజులుందని, ఈలోపు ఏదైనా అవసరమైతే రమ్మని చెప్పి పంపింది. అంజమ్మ తిరగలికి కూలి తీసుకోలేదు.

వస్తూ వస్తూ దాచేపల్లిలో రెండు వీసెల బెల్లం కొంది. గురజాలలో అడుగుపెట్టిన దగ్గర్నుంచీ కనబడ్డవాడికల్లా బెల్లం ముక్క పెట్టి, "చేను కొన్నాం" అని చెప్పింది. పుల్లారావుకూ పెట్టింది. ఆయన నోట్లో వేసుకుని, తియ్యగా ఉందన్నాడు. ఆఖరి ముక్కతో నూర్ మొహమ్మద్ అరుగు దగ్గరికి వచ్చి, కాగితం అతని ముందు పరిచింది. అతను బెల్లం చేతిలో పట్టుకునే కాగితాన్ని అటూ ఇటూ తిప్పాడు.

"అక్కా, ఇది నైజాం స్టాంపు."

"అయితే ఏంది? వేలిముద్ర ఆమెదేగా."

"చేను అక్కడుంటే చెల్లేది. చేను ఇక్కడుంది. ఇక్కడి స్టాంపు మీద రాయాల, అమ్మినామె ఇక్కడికొచ్చి రిజిస్ట్రారు గారి ముందు ఔను నేనే అమ్మానని ఒప్పుకోవాల."

అంజమ్మ నమ్మలేదు. తిన్నగా రిజిస్ట్రారు దగ్గరికే వెళ్ళింది. ఆయన ముక్కుసూటి మనిషి. కాగితం చూసి, నూర్ మొహమ్మద్ చెప్పిందే ఇంకాస్త పొడుగ్గా చెప్పాడు. రెండు గట్ల మధ్య తిరిగేవాళ్ళకు కృష్ణ అంటే దాటాల్సిన నీళ్ళే. అటూ అదే తెలుగు, అవే తిరగళ్ళు. అందుకే, నది దాటితే రూపాయి మారుతుందని తెలిసి మార్చుకున్న మనిషికి కాగితం కూడా మారుతుందని తట్టలేదు. సాయంత్రానికల్లా ఆమెకు ఊళ్ళో బెల్లం అంజమ్మ అని పేరు పడింది. ఇంటికొచ్చి మోకాళ్ళలో తల పెట్టుకుని ఏడ్చింది. చిన్నప్ప పొయ్యి రాజేశాడు. దారికి రొట్టెలు కాల్చి మూటకట్టి ఆమె పక్కన పెట్టాడు. అది చూసి ఆమె కళ్ళు తుడుచుకుంది.

మళ్ళీ పొందుగల చేరేసరికి కృష్ణ పొంగింది. బల్లకట్టు కట్టేశారు. గట్టున నాలుగు రోజులు కూర్చుంది. ఊరికే కూర్చోలేక పొందుగల తిరగళ్ళన్నిటికీ కక్కు కొట్టింది. రోజు గడిచే కొద్దీ వేళ్ళు మడిచి చూసుకునేది. అయిదో రోజున ఒక పుట్టి నడిపే మనిషి, ఆమె సతాయింపు పడలేకో ఏమో, ఎక్కమన్నాడు. ఆ గిరగిరా తిరిగే పుట్టిలో కళ్ళు మూసుకుని అవతలి గట్టు చేరింది. మిర్యాలగూడ వెళ్ళేసరికి బేగం ప్రయాణానికి ఆరు రోజులే ఉంది, అరుగు మీద మన్సూర్ ఉన్నాడు.

"కాగితం చెల్లకుంటే మా తప్పా?" అన్నాడతను. "అత్తయ్యకు ప్రయాణం దగ్గరపడ్డది. సామాను సర్దుకుంటున్నది. నువ్వు పో."

అంజమ్మ సంచి భుజానికెత్తుకుంది. రోడ్డు మీదికి నడిచి, ఆ ఇంటి వైపు తిరిగి నిలబడి గొంతెత్తింది. "రోళ్ళకు కక్కు, తిరగళ్ళకు కక్కూ." వీధి వీధంతా తిరిగి చూసింది. మన్సూర్ ఊరుకోమని చేతులూపుతుండగానే లోపలినుంచి పనిపిల్ల పరుగెత్తుకొచ్చి, బేగం గారు పిలుస్తున్నారని చెప్పింది.

సంగతి విని బేగం నుదురు పట్టుకుంది. పరదా పక్కన నిలబడి మన్సూర్ వరద గురించి, రోడ్డు గురించి, అత్తయ్య మోకాళ్ళ గురించి చెబుతూనే ఉన్నాడు.

"నిజమే అంజమ్మా," అంది బేగం నీరసంగా. "పెళ్ళయినంక నేను ఈ గడప దాటింది రెండుసార్లు. రెండు రోజుల బండి, నడుమ నది, ఆడ కచేరీ. ఎట్ల వస్త చెప్పు."

అంజమ్మ ఆమె వైపు సూటిగా చూసింది.

"ఓడెక్కి మక్కా దాకా పోయేవారు, గురజాల దాకా రాలేరామ్మా?"

మన్సూర్ అడ్డం రాబోయాడు. బేగం నవ్వడం మొదలుపెట్టింది. దుపట్టా జారిపోయేంతగా నవ్వి, కళ్ళు తుడుచుకుంటూ, "బండి కట్టించు మన్సూర్. నువ్వూ నడువు," అంది.

వరద తీసింది. పరదాలు కట్టిన గూడుబండి బల్లకట్టు మీద కృష్ణ దాటుతుంటే, బేగం పరదా సందులోంచి ఆ నీళ్ళను చూస్తూనే ఉంది. ఇటువైపు నుంచి అటు పెళ్ళికూతురిగా దాటిన నది అది. రెండో రోజు మధ్యాహ్నానికి బండి గురజాల రిజిస్ట్రారు ఆఫీసు ఆవరణలో ఆగింది. నూర్ మొహమ్మద్ ఇక్కడి స్టాంపు మీద దస్తావేజు రాసి సిద్ధంగా ఉంచాడు. ఘోషా స్త్రీ ఆఫీసు లోపలికి రాదు కాబట్టి రిజిస్ట్రారు గారే పుస్తకం, సిరాబిళ్ళ గుమాస్తా చేత పట్టించుకుని బండి దగ్గరికి వచ్చాడు. చదివి వినిపించి, అమ్మినమాట నిజమేనా అని అడిగాడు. పరదా వెనకనుంచి ఔనని వినిపించింది.

"సరే. ఈమే రజియా బేగం అని గుర్తించే మనిషి ఎవరు?" అన్నాడాయన.

అందరూ మన్సూర్ కోసం చూశారు. ఎద్దులకు నీళ్ళు పెట్టించి వస్తానని వెళ్ళినవాడు పత్తా లేడు. పుల్లారావుతో కలిసి కాఫీ హోటల్లో కూర్చున్నాడని ఎవరో చెప్పారు. కబురంపితే ఇప్పుడే వస్తానని జవాబు వచ్చింది కానీ మనిషి రాలేదు. రిజిస్ట్రారు గడియారం చూసుకున్నాడు.

"పరదాలో ఉన్న మనిషి. ఎరిగినవాళ్ళు వచ్చి చెప్పాలి. కొనేవాళ్ళు చెబితే చెల్లదు. నలభై అయిదేళ్ళ కింద వెళ్ళినామెను ఇక్కడ ఎవరు ఎరుగుదురు? అయిదింటికి పుస్తకం మూసేస్తాను."

మర్నాడు తెల్లవారేసరికి బండి వెనక్కి బయల్దేరాలి. లేకపోతే హజ్ తప్పుతుంది. ఇది తెలిసే మన్సూర్ కాఫీ అంత నెమ్మదిగా తాగుతున్నాడు. నూర్ మొహమ్మద్ తల పట్టుకున్నాడు. అంజమ్మ మాత్రం అప్పటికే చీర కుచ్చెళ్ళు ఎగదోపి మసీదు సందు వైపు పరుగెత్తింది. కాసేపటికి హజ్రా బీని చెయ్యి పట్టుకుని నడిపించుకుంటూ వచ్చింది.

"ఈ పెద్దామెకు కళ్ళు కనపడవు గదా," అన్నాడు రిజిస్ట్రారు.

"కళ్ళతో ఏం గుర్తుపడతాం బాబూ, నలభై అయిదేళ్ళయినాక," అంది హజ్రా బీ. "మాట్లాడితే తెలుస్తది. నన్ను బండి ఎక్కియ్యండి."

ఎక్కించారు. పరదా వెనకనుంచి గాజుల చప్పుడు వినిపించింది. తర్వాత హజ్రా బీ గొంతు, పోలీసు గొంతులాగా. "నీ పెళ్ళి మాట్లాడ్డానికి మీ అబ్బా బయల్దేరే రోజున ఆయన జోళ్ళు బావిలో పడ్డయ్. ఎవరేశారు?"

 బయట నిలబడ్డవాళ్ళు బండికి దగ్గరగా జరిగారు. అంజమ్మ బండి చక్రం పట్టుకుని నిలబడింది.

"నేనే," అంది లోపలి గొంతు. "నేనే వేసిన. నువ్వని చెప్పిన. దెబ్బలు నీకు పడ్డయ్. మాఫ్ చెయ్ హజ్రా."

ఆ తర్వాత వినిపించింది నవ్వో ఏడుపో ఎవరికీ తెలియలేదు, బండి మాత్రం ఊగింది. హజ్రా బీ పరదా తప్పించి తల బయటపెట్టింది. చెంపలు తడిసి ఉన్నాయి.

"రాసుకో బాబూ, ఇది రజియానే. ఆ బావి దగ్గర మేమిద్దరమే ఉన్నాం, మూడో మనిషికి తెలవదు. ఇన్నేళ్ళకి ఒప్పుకుంది."

రిజిస్ట్రారు గారు నవ్వు ఆపుకోవడానికి కళ్ళద్దాలు తుడుచుకుని, హజ్రా బీ చేత సాక్షి వేలిముద్ర వేయించాడు. పరదా సందులోంచి గాజుల చెయ్యి ఒకటి బయటికి వచ్చింది. గుమాస్తా సిరా అద్దాడు. బొటనవేలు దస్తావేజు మీద దిగింది. తర్వాత అంజమ్మ వంతు. ముప్ఫై ఏళ్ళు ఉలి పట్టిన బొటనవేలు అది, గీతలన్నీ అరిగిపోయాయి. రెండుసార్లు వేస్తే గానీ ముద్ర సరిగా పడలేదు. నాలుగున్నరకు పుస్తకంలో నంబరు ఎక్కింది.

అప్పటికి మన్సూర్, వెనకే పుల్లారావు తీరిగ్గా ఆవరణలోకి వచ్చారు. ఇంతసేపూ ఓ పక్కన నిలబడ్డ చిన్నప్ప పంచె కొంగులోంచి నాలుగు ఇనప మేకులు తీసి, మట్టి దులిపి, పుల్లారావు చేతిలో పెట్టాడు.

"మీయి," అన్నాడు. "లెక్క చూసుకోండి."

ఆవరణలో ఉన్నవాళ్ళంతా నవ్వారు. చిన్నప్ప అంత పొడుగు మాట మాట్లాడగా వాళ్ళెన్నడూ వినలేదు. పుల్లారావు కూడా కాసేపటికి నవ్వి, మేకులు జేబులో వేసుకున్నాడు.

బేగం ఆ చేను చూస్తానంది. పొద్దు వాలుతుండగా బండి దాచేపల్లి దారిలో గుడిసె ముందు ఆగింది. మగవాళ్ళను అవతలికి పంపి, అంజమ్మా హజ్రా బీ చెరో రెక్కా పట్టుకుని బేగాన్ని దింపారు. ఆమె నిలబడి ఇక తనవి కాని ఆ రాళ్ళను, బావిని, పక్కన వరసగా పేర్చిన కొత్త తిరగళ్ళను చూసింది. అంజమ్మ వైపు తిరిగి ఆమె రెండు చేతులూ పట్టుకుంది.

"ఇన్నేళ్ళు ఇది నాదని కూడ నాకు యాదిలేదు అంజమ్మా. నా పేరు మీద నిన్ను ఎందరు లెమ్మన్నరో, ఎన్ని దినాలు నువ్వు భయంతో ఉన్నవో. తెలిసి చేసిందీ తెలవక చేసిందీ మాఫ్ చెయ్. నువ్వు మాఫ్ చేస్తేనే నేను పోత."

అంజమ్మ ఆ చేతుల్ని వదలలేదు. పుట్టినప్పట్నుంచీ ఆమెను లెమ్మన్నవాళ్ళే గానీ, ఆమె చేతులు పట్టుకుని క్షమించమన్న మనిషి ఇంతవరకూ ఎదురుపడలేదు. ఎవరి నేల మీదో నిలబడి అందరికీ దణ్ణాలు పెట్టిన మనిషి, తన నేల మీద నిలబడి అడిగించుకుంటోంది. చుట్టూ చూసింది. పొయ్యి మీద చిన్నప్ప పొద్దున్నే వండిపెట్టిన జొన్నసంగటి ఉంది.

"ఊరికే చెయ్యనమ్మా," అంది చివరికి, కళ్ళు వత్తుకుంటూ. "మా ఇంటికొచ్చారు. అన్నం తిని పోతేనే మాఫ్."

గుడిసెలోకి తీసుకెళ్ళి చాప పరిచింది. మిర్యాలగూడ బేగం అక్కడ కూర్చుని జొన్నసంగటి, గోంగూర పచ్చడి రెండోసారి కూడా అడిగి పెట్టించుకుంది.